మావాడి వేట సంచి

"పుట్టినరోజుకి మనవడికి ఏం కొన్నావమ్మా?" అని ఫోన్లో అడిగారు మా అత్తయ్యగారు.

"బ్యాగ్ కొన్నానండీ."

"స్కూలుకా?"

"కాదండీ, వేటకి."

"పేటకా? ఏ పేట?"

ఆవిడ చెవులు నాకంటే బాగా పనిచేస్తాయి. మనవడికీ వేటకీ ముడిపెట్టడం ఆవిడ ఊహకి అందలేదంతే. నాకు మాత్రం అందిందా ఏంటి? ఏడాది క్రితం ఎవరైనా వచ్చి, "నువ్వు ఒక కొట్లో నేలమీద చతికిలబడి వేట సంచుల్ని తిరగేసి లోపలి కుట్లు చూస్తుంటావు" అంటే, మనిషికి జ్వరమేమో అనుకునేదాన్ని.

మేముండేది విస్కాన్సిన్‌లో. ఇక్కడ నవంబరులో థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులపాటు తుపాకీతో జింకల వేట సాగుతుంది. మనకి సంక్రాంతి ఎలాగో వీళ్ళకి అదలా. ఆఫీసుల్లో ముందునుంచే సెలవులు రాసుకుంటారు. పెట్రోలు బంకు దగ్గర, కూరగాయల కొట్లో, ఎక్కడ చూసినా కళ్ళు జిగేల్మనే నారింజ రంగు కోట్లే. వచ్చిన కొత్తలో ఆ తొమ్మిది రోజులూ నేను ఇల్లు కదిలేదాన్ని కాదు. మన దగ్గర 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటంటే జైలే కదా. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల జింక. అక్కణ్ణించి వచ్చిన మనిషికి, ముందు కారుకి జింకని కట్టుకుని వెళ్తుంటే వెనక కారులో కూర్చోవడం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో కోడికూర ఉండాల్సిందే. కాబట్టి "అయ్యో పాపం జింక" అనే హక్కు నాకు పూర్తిగా లేదని మావాడు నాతో రెండుసార్లు వాదించి గెలిచాడు. పైగా ఇక్కడ జింకలు లక్షల్లో ఉన్నాయి. మా వారి కారు ముందుభాగం ఒకసారి, నేను ప్రాణంలా పెంచుకున్న మొక్కలు ఏటా, వాటికే సమర్పణ. కనుక నా గొడవ జింక గురించి కాదు. పదిహేనేళ్ళ నా పిల్లాడు, తుపాకులున్న అడవిలో, ఆ చలిలో, నా కంటికి కనపడకుండా రోజంతా ఉండటం. అదీ సంగతి.

దీనంతటికీ మూలం మా పక్కింటి పెద్దాయన. కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళ మనవలు దూరంగా ఉంటారు. మావాడు ఏడేళ్ళప్పటినుంచీ ఆయన గరాజ్‌లోనే పెరిగాడంటే తప్పులేదు. ఇక్కడ 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట లైసెన్సు కొనాలంటే భద్రతా తరగతులు చదివి పాసవ్వాలి. ఆయన వీణ్ణి ఆ క్లాసులకి తీసుకెళ్ళారు. వీడు బీజగణితంలో చూపించని శ్రద్ధంతా అక్కడ చూపించి పాసయ్యాడు. సంతకం పెట్టమని కాగితం నా ముందుకొచ్చింది. మా వారు "వాణ్ణి మనం ఇక్కడ పెంచుతున్నాం, మరి" అని ఊరుకున్నారు. నేను మూడు రోజులు ముభావంగా ఉండి, ఒక షరతు పెట్టాను: తుపాకీ మా గడప దాటి లోపలికి రాకూడదు. అది పెద్దాయన బీరువాలో, తాళం లోపలే ఉండాలి. సరేనన్నారు.

అలా వేటకి సంబంధించి మా ఇంట్లోకి వచ్చిన వస్తువు ఒక్కటే, వీపుకి తగిలించుకునే సంచి.

మొదటి సంచి మా వారు కొన్నారు. ఆన్‌లైన్లో, 35 డాలర్లకి. చెట్టాకుల బొమ్మలతో చూడటానికి భలేగా ఉంది. జేబులు పద్నాలుగో పదిహేనో. నీళ్ళకి తడవదని, జీవితాంతం ఉంటుందని కింద రాసుంది. ఎవరి జీవితాంతమో రాయలేదు.

అక్టోబరు మొదట్లో పదిహేనేళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకని ప్రత్యేకంగా రెండు రోజుల వేట పెడతారు. పక్కన పెద్దవాళ్ళు ఉండితీరాలి. పెద్దాయనతో మావాడు వెళ్ళాడు. మధ్యాహ్నం నుంచి సన్నగా వాన పట్టుకుంది. వాడి సంచిలో పొడి స్వెట్టరు, ఇంకో జత గ్లౌజులు, తలకి పెట్టుకునే లైటు, నీళ్ళు, తిండి ఉన్నాయి. చీకటి పడేవేళ తిరిగొస్తూ, తుంగ మొలిచిన బురదనేల దాటుతుంటే ఎడమ భుజం పట్టీ చిరిగింది. సంచి ఒక్కసారి పక్కకి వేలాడేసరికి వీడు తూలి పడ్డాడు. జిప్పు విచ్చుకుపోయింది. పొడిబట్టలన్నీ బురదనీళ్ళలో. లైటు ఎక్కడ పడిందో కనపడలేదు. పెద్దాయన దగ్గర ఇంకో లైటు ఉంది కాబట్టి, తన కోటు విప్పి ఇచ్చారు కాబట్టి, మామూలుగా ఇంటికొచ్చారు. మామూలుగా అంటే రెండు గంటలు ఆలస్యంగా. తలుపు తీసేసరికి వీడి పెదాలు నీలంగా ఉన్నాయి. చొక్కా బొత్తాలు విప్పుకోవడానికి వేళ్ళు వంగట్లేదు. చిన్నప్పుడు స్నానం చేయించి తుడిచినట్టే తుడిచాను. వాడూ ఏమీ అనలేదు.

మర్నాడు ఆ సంచిని వంటింటి బల్లమీద పడేసి, కుట్లు విప్పే కొక్కెం తీసుకుని కూర్చున్నాను.

మీలో చాలామందికి తెలుసు, మా నాన్న తెనాలిలో దర్జీ. నేనూ ఇక్కడ మనవాళ్ళకి బ్లౌజులు కుడుతుంటాను. కాబట్టి గుడ్డ ఎందుకు చిరిగిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దారం తెగలేదు. దారం శుభ్రంగా ఉంది. గుడ్డే దారంలోంచి జారిపోయింది. బ్లౌజుకి లోపల గుడ్డ వదలకుండా అంచుమీద కుట్టేస్తే చంక దగ్గర పోగులు లేచి పిగులుతుంది చూడండి, అచ్చం అదే. లోపల పావు అంగుళం కూడా వదల్లేదు. పైగా కుట్లు మరీ చిన్నవి, మరీ దగ్గరగా ఉన్నాయి. చూడ్డానికి గట్టిగా ఉన్నట్టుంటుంది గానీ, మందపు గుడ్డకి అలా కుడితే సూది పోట్లు పోస్టు బిళ్ళలకి చిల్లులు పెట్టినట్టవుతాయి. ఒక గట్టి గుంజుడు చాలు, ఆ గీత వెంబడే విడిపోతుంది. పట్టీని కేవలం రెండు నిలువు కుట్లతో పట్టించి వదిలేశారు.

ఇది చూశాక భయం పోయి కోపం వచ్చింది. కోపం వస్తే నాకు పని బాగా సాగుతుంది. "రెండో సంచి నేను కొంటాను. నవంబరులో నీ పుట్టినరోజుకి అదే" అని చెప్పాను. మావాడు నన్ను వింతగా చూశాడు. అమ్మ వద్దంటుందనుకున్నాడేమో.

వద్దనాలనే ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వద్దంటే వాడు ఇంకో రెండేళ్ళకి పద్దెనిమిది నిండాక, నాకు చెప్పకుండా, ఇలాంటి సంచే ఇంకోటి తగిలించుకుని వెళ్తాడు.

కొట్టుకి నన్ను తీసుకెళ్ళింది పక్కింటి పెద్దావిడ. ఆవిణ్ణి పేరుపెట్టి పిలవడానికి ఇన్నేళ్ళయినా నాకు నోరు రాదు, ఎలాగో గొణిగేస్తాను. డెబ్భై దాటాయి. పెళ్ళికి ముందునుంచే వేటకి వెళ్తున్న మనిషి. ఆ రోజుదాకా నాకా సంగతి తెలీదు. నేనెప్పుడూ ఆవిడతో ఆవకాయ, ఊలు అల్లికలు తప్ప మాట్లాడలేదు మరి.

కొట్టులో వరసగా నలభైదాకా సంచులు వేలాడుతున్నాయి. ఆవిడ ఒక్కోదాని దగ్గర ఆగి, చెవి దగ్గరగా పెట్టుకుని గోటితో గీరుతోంది. నన్నూ గీరి వినమంది. కొన్ని పాలకవరు నలిపినట్టు కరకరమన్నాయి. అడవిలో పొద్దున్నే గాలి కూడా కదలనప్పుడు ఆ చప్పుడు జింకకి ఎంత దూరమైనా వినిపిస్తుందట. నైలాను గుడ్డ ఎంత గట్టిదైతే అంత మోత. మెత్తని నూగుబట్టవి చప్పుడు చేయవు గానీ, పల్లేరుకాయల్లాంటి ముళ్ళ గింజలన్నీ పట్టుకుంటాయి, నీళ్ళు తాగుతాయి, రాత్రికి గడ్డకడతాయి. పర్రుమని లేచే అతుకు పట్టీలు, అదే వెల్‌క్రో, ఉన్నవాటిని ఆవిడ ముట్టుకోనే లేదు.

గుడ్డ సంగతి నా వంతు. చీటీలమీద 210, 500, 1000 అని రాసుంటుంది. డెనియర్ అంటారు. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ఇదేదో సంచుల లెక్క అనుకోకండి, మన పట్టుచీరలదీ ఇదే లెక్క. చీరలకి మామూలుగా వాడే ముడిపట్టు 20-22 డెనియర్ ఉంటుంది, అలాంటి పోగులు కొన్ని కలిపి పేని నేస్తారు. 500 డెనియర్ అంటే ఆ పోగు తొమ్మిది కిలోమీటర్లు అరకిలో తూగుతుందన్నమాట. ఇది ఆవిడకి చెప్తే మహా సంతోషపడిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ అంకె చూస్తోంది గానీ దాని అర్థం ఎవరూ చెప్పలేదట.

వెయ్యి డెనియర్ సంచి ఒకటి చూశాం. మిలిటరీ వాళ్ళది లాంటిది, ఏనుగు లాగినా చిరగదు. కానీ ఖాళీ సంచే దాదాపు రెండు కిలోలుంది, గీరితే గరగరమంది. 210 మరీ పల్చన, ముళ్ళకంప మధ్య నడిచేవాడికి కాదు. 500 డెనియర్ నైలాన్లో పైభాగం కాస్త గీకి మెత్తపరిచినది ఒకటి ఉంది. అడుగుభాగానికి మాత్రం ఇంకో మందపు గుడ్డ వేశారు, తడినేలమీద పెట్టేది అదే కాబట్టి. అది తీసి పక్కన పెట్టుకున్నాం. పాలిస్టర్‌లోవీ ఉన్నాయి. అది ఎండకి బాగా ఆగుతుంది, నీళ్ళు తక్కువ పీలుస్తుంది. రాపిడికి మాత్రం నైలానే మేలు. విస్కాన్సిన్ నవంబరులో ఎండ గురించి బెంగపెట్టుకోవడం దేనికని నైలాన్ వైపే మొగ్గాను.

ఆ తర్వాత నేను నేలమీద కూర్చున్నాను. జిప్పులన్నీ తెరిచి సంచిని లోపలిది బయటికి తిరగేశాను. కొట్టు కుర్రాడు పరుగెత్తుకొచ్చి "ఏమైనా సాయం కావాలా మేడమ్" అన్నాడు. "లైటు ఇటు తిప్పు నాయనా" అన్నాను, అంటే ఇంగ్లీషులో అదే అర్థం వచ్చేట్టు.

మా నాన్న దగ్గరికి ఎవరైనా రెడీమేడ్ చొక్కా సరిచేయమని తెస్తే, ముందు తిరగేసి చూసి అప్పుడే ధర చెప్పేవాడు. పైన అందరూ బాగానే కుడతారు. లోపల గుడ్డ ఎంత వదిలారు, అంచులకి పట్టీ కట్టారా, ఉట్టి పోగులు వేలాడుతున్నాయా, మలుపుల్లో కుట్టు వెనక్కి కొట్టారా అన్నవి లోపలే తెలుస్తాయి. ఈ సంచిలో కుట్లన్నిటికీ అంచుపట్టీ ఉంది. భుజం పట్టీ మొదలయ్యేచోట, బరువంతా లాగేచోట, బారుకుట్టు కాకుండా జిగ్‌జాగ్‌గా దగ్గర దగ్గరగా అడ్డంగా బిగించిన కుట్టు ఉంది. కాజాల చివర వేస్తామే, అలాంటిదే పెద్దది. జీన్స్ ప్యాంటు జేబు మూలల్లో చూడండి, కనిపిస్తుంది. ఇంకోచోట చతురస్రం కుట్టి మధ్యలో అడ్డగీతలు కొట్టారు. పట్టీ చివర పైపైన ఆగిపోకుండా రెండు గుడ్డల మధ్యలోకి లోతుగా పోయింది. పట్టుకుని నా బలమంతా పెట్టి లాగాను. కుట్టు దగ్గర పోగులు పక్కకి జరిగి వెలుతురు కనిపిస్తుందేమో చూశాను. కనపడలేదు.

జిప్పులకీ అంకెలుంటాయి. మనం డ్రస్సులకి వేసేది 3. సంచులకి కనీసం 5, పెద్ద అరకి 8 గానీ 10 గానీ ఉండాలి. మూసినప్పుడు పళ్ళ వెడల్పు ఇంచుమించు అన్ని మిల్లీమీటర్లు. మన బ్యాగుల జిప్పులమీద వైకేకే అని ఉంటుంది చూడండి, అది 1934లో జపాన్‌లో తదావో యొషిదా అనే ఆయన మొదలుపెట్టిన కంపెనీ పేరు. ఆ మూడక్షరాలుంటే సంచంతా మంచిదని కాదు. కాకపోతే జిప్పు దగ్గర కక్కుర్తి పడనివాడు మిగతాచోట్ల కూడా తక్కువ కక్కుర్తి పడతాడని నా నమ్మకం. మొదటి సంచికి పేరూ ఊరూ లేని 5 నంబరు జిప్పు ఉంది, అదీ వంపు తిరిగేచోట. నిండా కుక్కితే అక్కడే విచ్చుకుంటుంది.

ఈలోపు పెద్దావిడ తన మందపాటి గ్లౌజులు తీసి నా చేతికి తొడిగి, కళ్ళు మూసుకోమంది. "ఇప్పుడు తెరువు" అంది. చీకట్లో, చలికి వేళ్ళు మొద్దుబారినప్పుడు తెరవాల్సిన సంచి కదా. జిప్పు కొస దొరకలేదు నాకు. "దారం ఉచ్చులు కట్టుకుంటే సరిపోతుంది, లోహపు కొసలు తీసెయ్యి, గలగలమంటాయి" అంది. నడుం దగ్గర ప్లాస్టిక్ క్లిప్పుని పదిసార్లు పెట్టించి తీయించింది. నాసి ప్లాస్టిక్ చలికి పెళుసెక్కి మంచి అదునులో పుటుక్కుమంటుందట.

మావాణ్ణి కొట్టుకి తీసుకెళ్ళలేదు. అంతకుముందు రోజే కొలతలు తీసుకున్నాను. భుజాల సంచికి మనిషి ఎత్తు ముఖ్యం కాదు, వీపు పొడవు ముఖ్యం. తల వంచితే మెడ వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక దగ్గర్నుంచి, తుంటి ఎముకల పైఅంచు దాకా. నడుం పట్టీ ఆ తుంటి ఎముకలమీద కూర్చోవాలి, అప్పుడే బరువు భుజాలమీంచి దిగుతుంది. టేపు తెచ్చి "వెనక్కి తిరుగు" అన్నాను. మెడ ఎముక అందడానికి మునివేళ్ళమీద లేవాల్సొచ్చింది. వాడికి కొలిచి ఏదైనా కుట్టి ఎన్నేళ్ళయిందో. ఆరో క్లాసు నాటకంలో రాజుగారి అంగరఖా అనుకుంటా. ఇప్పుడు వీపు పంతొమ్మిదిన్నర అంగుళాలు. రాసుకున్నాను.

చివరికి ఆ 500 డెనియర్‌దే కొన్నాను. ముప్ఫై లీటర్లది, ముదురు గోధుమరంగు, 140 డాలర్లు. ఒక రోజు పనికి ఇరవై అయిదు ముప్ఫై లీటర్లు చాలు. పెద్దది కొంటే దాన్నిండా ఏదో ఒకటి కూరుతామని మన సూట్‌కేసులు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అయితే ఒక చిక్కు. ఇక్కడ తుపాకీ వేట రోజుల్లో నడుం పైభాగంలో వేసుకున్న పైబట్టల్లో కనీసం సగం ఆ మెరిసే నారింజ రంగు ఉండాలని చట్టం. జింకకి ఆ రంగు మనలా కనపడదు, తోటి మనిషికి కనపడాలి. 2016 నుంచి మెరిసే గులాబీ రంగు కూడా ఒప్పుకున్నారు. ఆడవాళ్ళు వేటలోకి వస్తారనట. మాకు గులాబీ ఎవరు అడిగారని అప్పట్లో కొందరు ఆడ వేటగాళ్ళే విసుక్కున్నారు. మా పెద్దావిడా ఆ జట్టే. సరే, కోటు నారింజదే. కానీ గోధుమరంగు సంచి తగిలించుకోగానే వీపంతా మూసుకుపోయిందిగా. వెనకనుంచి చూస్తే చెట్టుకీ మావాడికీ తేడా లేదు.

అది చూడగానే నా మిషన్ మీద గుడ్డ కప్పు తీశాను.

నారింజ గుడ్డ గజంన్నర తెచ్చాను. సంచికే నేరుగా కుట్టేద్దామనుకుని ఆగాను. లోపల నీళ్ళు ఇంకకుండా పూత వేసుంటుంది, ప్రతి సూదిపోటూ దానికి చిల్లే. అందుకని దిండుగలీబులా ఒక తొడుగు కుట్టి, నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉచ్చులు వేశాను. 16 నంబరు సూది, పాలిస్టర్ దారం. లోపల అరంగుళం వదిలి రెండు కుట్లు. ఉచ్చుల దగ్గర జిగ్‌జాగ్ పెట్టి ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు కొట్టాను. పక్క జేబులు తెరుచుకోవడానికి రెండు చీలికలు. ఆ రంగు ఉతుకులకీ ఎండకీ వెలిసిపోతుంది కాబట్టి ఏటా కొత్తది కుట్టుకోవచ్చు. బ్లౌజు ఇవ్వాల్సిన ఆవిడ ఫోన్ చేస్తే రేపు రమ్మన్నాను.

వేటకి ముందురోజు సాయంత్రం పక్కింటి వంటింట్లో సంచి సర్దాం. నేను తెచ్చినవన్నీ పెద్దావిడ ఒక్కోటీ పరీక్ష చేసింది. పులిహోర డబ్బా మూత తీయగానే నవ్వింది. ఇంగువ పోపు గాలిలో కలిస్తే మూడు ఊళ్ళ జింకలకి తెలిసిపోతుందట. సంచి ఇన్ని రోజులూ ఎక్కడ పెట్టావని అడిగింది. వంటింటి పక్కనే తగిలించానని చెప్పడానికి సిగ్గేసింది. పల్లీ చిక్కీకి చుట్టిన రేకు కాగితం తీసేసి గుడ్డలో కట్టించింది, చప్పుడు కాకుండా. సున్నుండలు మాత్రం పాసయ్యాయి, ఆవిడే రెండు తిని పాస్ చేసింది. పొడి ఊలు మేజోళ్ళు, గ్లౌజులు, రెండు లైట్లు, అగ్గిపెట్టె, లైటరు, దిక్సూచి, ఈల, తాడు, రెండు లీటర్ల నీళ్ళు, గాయానికి కట్టుకట్టే సామాను. రక్తం ఆగకపోతే బిగించే పట్టీ ఎలా వాడాలో నా చేతిమీదే కట్టి చూపించింది. గట్టిగానే కట్టింది. పొడిబట్టలు ప్లాస్టిక్ సంచిలో విడిగా వేసి మూతికట్టాం. ఏ సంచైనా నీళ్ళలో పడ్డాక నమ్మకూడదట.

చివర్లో ముక్కు తుడుచుకోవడానికని నేను పెట్టిన తెల్ల చేతిరుమాలు కనపడింది. ఆవిడ నవ్వు ఆపేసింది. తీసి బల్లమీద పెట్టింది. ఇక్కడివి తెల్లతోక జింకలు. బెదిరితే తోక ఎత్తుతాయి, అడుగున తెల్లగా మెరుస్తుంది. పొదల మధ్య ఎవరైనా తెల్లరుమాలు తీస్తే, దూరంనుంచి చూసేవాడికి అదేమిటనిపిస్తుందో ఆవిడ నోటితో చెప్పలేదు. తన డ్రాయర్లోంచి ఎర్రపూల గుడ్డ ఒకటి తీసి మడిచి సంచిలో పెట్టింది. ఆ తెల్లరుమాలు నేను ఇంటికి తెచ్చుకుని, ఎందుకో బీరువాలో చీరల కింద దాచాను.

తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళారు. మా వారు పడుకున్నారో నటించారో తెలీదు. సూర్యోదయానికి అరగంట ముందునుంచి కాల్చవచ్చని చట్టం. ఆ వేళకి దూరంగా ఒకటి, కాసేపటికి ఇంకోటి, తర్వాత లెక్కలేనన్ని చప్పుళ్ళు. ప్రతిదానికీ దోసె పెనం మీద నా చెయ్యి ఆగింది. మాడిన దోసెలు నేనే తిన్నాను.

మొదటిరోజు ఏమీ దొరకలేదు. రెండో రోజు సాయంత్రం ట్రక్కు ఆగిన చప్పుడికి బయటికెళ్ళాను. వెనక ఆడజింక ఉంది. నేను దానివంక చూడకుండా మావాడి చేతులవంక చూశాను. వేళ్ళు ఎర్రగా, వెచ్చగా ఉన్నాయి. "పొడి గ్లౌజులు రెండోసారి మార్చుకున్నానమ్మా" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. మాంసం సంగతి పెద్దాయన చూసుకున్నారు. ఇక్కడ జింకలకి మెదడుని తినేసే జబ్బొకటి 2002 నుంచి ఉంది, పరీక్ష ఫలితం వచ్చాకే తినడం. ఆ గొడవ ఇంకోసారి రాస్తాను. అత్తయ్యగారికి ఇంకా ఆ భాగం చెప్పలేదు.

సంచి నా దగ్గరికొచ్చింది. అడుగున, ఒక పక్క జేబుమీద రక్తం, సగం ఆరింది. నారింజ తొడుగుమీద కూడా అరచెయ్యంత.

రక్తపు మరక ఎలా వదిలించాలో ఆడదానికి నేర్పాలా? వేడినీళ్ళు పోస్తే గుడ్డకి పట్టేస్తుంది. చన్నీళ్ళు, నిదానం. బట్టల మిషన్‌లో వేస్తే లోపలి పూత లేచిపోతుంది కాబట్టి స్నానాల తొట్టిలో వేసి, వాసనలేని సబ్బు కాస్త రాసి, మెత్తని బ్రష్‌తో తోముతూ కూర్చున్నాను. నీళ్ళు మూడుసార్లు మార్చాను. నాలుగోసారి మారుస్తుంటే వెనక మావాడు వచ్చి నిలబడ్డాడు.

"నేను కడుగుతాను, ఇలా ఇవ్వు" అన్నాడు.

బ్రష్ ఇచ్చి పక్కకి జరిగాను. తొట్టి అంచున పక్కపక్కనే కూర్చున్నాం. కాసేపు తోమి, "అది వెంటనే పడలేదమ్మా" అన్నాడు. "కొంచెం దూరం వెళ్ళింది. మేం అరగంట ఆగి వెతుక్కుంటూ వెళ్ళాం. అప్పటికే..." ఆగిపోయాడు. నేను ఏమీ అడగలేదు. వాడు జేబు మూల దగ్గర గోటితో గీరుతూ, "మళ్ళీ ఏడు వెళ్తానో లేదో తెలీదు" అన్నాడు. ఇంకాసేపటికి, "వెళ్తాననుకుంటా" అన్నాడు.

కడిగిన సంచిని తిరగేసి నీళ్ళు వంచాను. అలవాటుకొద్దీ పట్టీల దగ్గర కుట్లు వేళ్ళతో తడిమాను. పోగు కదల్లేదు. లోపలి జేబులో ఒక సున్నుండ మిగిలింది, తడిసి మెత్తగా అయిపోయింది. వాడు ఒద్దంటున్నా వినకుండా నోట్లో వేసుకున్నాడు.

సంచిని గరాజ్‌లో మేకుకి తగిలించాను, వంటింటికి దూరంగా.